నీలం సంచిలో ఆరో గది

మైనస్ ఐదు డిగ్రీల చలిగదిలో, మా కోల్డ్ స్టోరేజీ చెంగయ్యన్న బయటనుంచి తలుపు మూసిన తొమ్మిదో నిమిషంలో కనిపెట్టాను: నా నీలం స్లీపింగ్ బ్యాగుకి ఎడమ మోకాలి దగ్గర ప్రాణం లేదు. ముందు నమ్మలేదు. కొత్త చలి, కొత్త చీకటి, మనసు లేనిపోనివి పుట్టిస్తోందనుకున్నాను. మెడ దగ్గర వెచ్చగా ఉంది, వీపు వెచ్చగా ఉంది, పాదాలైతే చెమట పట్టేటంత వెచ్చగా ఉన్నాయి. ఆ ఒక్క చోట మాత్రం అరచేతి వెడల్పున స్టీలు చెంబు ఆనించినట్టు చల్లదనం కూర్చుంది, కదలడం లేదు. కాలు ముడిచాను, మోకాలు వెచ్చబడింది. చాపాను, మళ్ళీ తగిలింది. సంచిని నాతోపాటు పక్కకి దొర్లించాను, చల్లదనం కూడా సంచితోపాటే దొర్లింది. అయితే తేడా నా ఒంట్లో లేదు, సంచిలో ఉంది. ఇది వచ్చిన రోజు అడ్డంగా కుట్లు వేసి విడదీసిన ఒక్కొక్క గదినీ ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూశాను కదా, కుడివైపు తొమ్మిది గదులు, ఎడమవైపు తొమ్మిది, అన్నింట్లోనూ బాతు నూగు ఒకే తీరుగా నిండుగా ఉండింది, ఒక్క చోట కూడా వెలుగు దాటి రాలేదు. పైనుంచి లెక్కపెట్టుకుంటూ చేత్తో తడిమాను. ఒకటి, రెండు, మూడు. ఎడమవైపు ఆరో గది. అంటే ఈ పదమూడు రోజుల్లో ఎవరో నా సంచిలో చెయ్యి పెట్టారు.

పొద్దున తూకం వేసినప్పుడే నాకు తెలియాల్సింది. మామిడి గుజ్జు నమూనాలు తూచే కాటా మా ల్యాబులో ఉంది, గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుంది. సంచి వచ్చిన మర్నాడు తూస్తే ఐదు వందల అరవై. ఈ పొద్దు ఐదు వందల ఎనభై ఒకటి. ఇరవై ఒక్క గ్రాములు ఎక్కడనుంచి వచ్చాయి? గాలిలో తేమ పీల్చుకుందేమో అనుకుని సర్దుకున్నాను. టూత్‌బ్రష్ పిడిని కోసి నాలుగు గ్రాములు మిగిల్చినదాన్ని, ఇరవై ఒక్క గ్రాములకి తేమ అని పేరు పెట్టి ఊరుకున్నాను. ఇంత ఉత్సాహంలో ఉన్న మనిషికి కళ్ళు పనిచేయవు. ఉత్సాహం మరి ఉండదా, ఎల్లుండి ఇదే రేణిగుంట స్టేషన్లో ఢిల్లీ బండెక్కుతున్నాను. అక్కడినుంచి హిమాచల్. నాలుగు వేల వంద మీటర్ల కనుమ. ఐదేళ్ళుగా ఈ కోల్డ్ స్టోరేజీలో రెండు గంటలకోసారి డిగ్రీలు రాసుకుంటున్నాను, ఆ పుస్తకంలో రాసిన చలినంతా ఒకసారి ఒంటి మీద వేసుకుని చూడాలని ఉంది. బయట రేణిగుంట ఎండ ముప్పయ్యేడు. మధ్యలో జానెడు మందం తలుపు.

గంట సమయం. మూడునుంచి నాలుగు దాకా. ఖాళీగా ఉన్న ఈ ముందుగదిని మైనస్ ఐదుకి దించి ఉంచమని చెంగయ్యన్నని వారం రోజులు బతిమాలుకున్నాను. బయట ఆయన బల్ల మీద రెండో సంచి ఉంది, నారింజ రంగుది, ఎనిమిది వందల నలభై గ్రాములు, ఇంకా వెచ్చనిది. రెండూ తెప్పించుకున్నాను, ఒకటే నాతో వస్తుంది. వద్దనుకున్నదాన్ని తిరిగి పంపడానికి గడువు ఈ రోజే, కొరియర్ అతను ఐదింటికి వస్తాడు. ఈ గంటలో తేలాలి. రెండు వందల ఎనభై గ్రాములంటే ఏముంది, ఒక గ్లాసుడు నీళ్ళు, అంటారు ఎవరైనా. పోయిన ఏడు నేనూ అట్లాగే అన్నాను. రెండు కిలోల సంచిని ఎవరో ఇస్తే అప్పు తెచ్చుకున్నాను, దూది పరుపంత లావు, నాలుగు రోజులు మోసేసరికి భుజాలు పుండ్లు పడ్డాయి. మూడో రాత్రి అది చెమ్మగిల్లింది. తెల్లవారిందాకా పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి. పొద్దున మా జట్టు నాయకుడు మునిప్రసాద్ నా కళ్ళు చూసి, “నిద్ర పోనోళ్ళని నేను కనుమ ఎక్కియ్యను, ధరణీ. కింద పడితే మోసేది నేనే గదా,” అన్నాడు. కనుమ ఎదురుగా కనిపిస్తోంది, నాలుగు గంటల నడక. మిగతా ఎనిమిది మందీ ఎక్కారు. నేను దిగాను. దిగుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఈసారి కూడా అదే నాయకుడు, అదే నియమం. రేపు తిరుపతిలో అందరి మూటలూ విప్పి చూస్తాడు. నిద్రపట్టే సంచి ఉంటేనే నాకు కనుమ.

తలుపు మీద మూడు దెబ్బలు. చెంగయ్యన్న. పది నిమిషాలకోసారి కొడతానని, నేను లోపలనుంచి పలకాలని ఒప్పందం. పలక్కపోతే తలుపు తీసేస్తాడు.

“ఏమ్మా, ఉండావా, పోయినావా?”

“ఉండా అన్నా.”

“ఉంటే మంచిదే. డబ్బాల లెక్కలో నిన్ను కూడా రాయాల్నేమో అనుకున్నా. సలి ఎట్ట ఉండాది?”

“నీ ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఈడ పండుకున్నోళ్ళు ఎవురన్నా ఉండారా అన్నా?”

“నిలబడినోళ్ళే లేరు. నువ్వొక దానివి పుట్టినావు మా పానం తీసేదానికి.”

అడుగుల చప్పుడు దూరమైంది. నవ్వుకున్నాను, నవ్వితే ఊపిరి తెల్లటి పొగై ముఖం మీదికే తిరిగొచ్చింది. పదకొండు నెలలు చదివాను ఈ సంచుల గురించి. నగరినుంచి రేణిగుంట దాకా రోజూ రైల్లో గంట, తిరిగి గంట. పక్కన ఆడవాళ్ళు మల్లెపూలు కట్టుకుంటూ ఉంటే నేను ఫోన్‌లో ఈకలు లెక్కపెట్టుకున్నాను. ఈక కూడా కాదు, ఈకల కింద ఒంటిని అంటుకుని ఉండే నూగు, వెన్నెముక లేని పువ్వులాంటిది, దాన్నే డౌన్ అంటారు. ఎంత తక్కువ నూగు ఎంత ఎక్కువ చోటు నింపుతుందో దానికొక అంకె ఉంది, ఎనిమిది వందల యాభై అయితే మేలురకం. ప్రతి సంచికీ రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి, ఒకటి హాయిగా నిద్రపట్టేది, ఇంకొకటి ప్రాణం మాత్రం నిలిచేది. అమ్మేవాళ్ళు రెండో అంకెనే పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ కిటుకు తెలిసిన రోజు రైలు పుత్తూరులో ఆగిన సంగతి కూడా గమనించలేదు. పదిహేడు సంచుల పేర్లు రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. ఇది జిప్ బరువు, అది తలటోపీ లేదు, ఇది మగవాళ్ళ కొలత, అది తడిస్తే మూడు రోజులు ఆరదు. చివరికి నీలం, నారింజ మిగిలాయి. నీలందాన్ని దాని చిన్న తొడుగులోంచి తీసి మంచం మీద పడేసిన సాయంత్రం, కొబ్బరికాయంత మూట, చూస్తుండగానే లేచింది. ఎవరూ ముట్టుకోలేదు, దానంతట అదే ఊపిరి పీల్చుకుని జానెడెత్తు పొంగి కూర్చుంది. మా అమ్మ వరదమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

“ఏందే అది, పానముండాదా దానికి?” అంది.

“ఉండాదిమా. బాతు ఈకలు.”

“బాతు ఈకల్లో పండుకుంటావా? ఎన్ని బాతుల ఉసురు పోసుకున్నావో.”

అన్నది గానీ మరుసటి నిమిషం లోపలికి పోయి, పసుపు తడిపి తెచ్చి సంచి లోపలి మూలన బొట్టు పెట్టింది. కొత్త గుడ్డకి పసుపు పెట్టందే మా ఇంట్లో ఎవరి ఒంటి మీదికీ రాదు, అది బాతుదైనా సరే. నాయన మగ్గాల గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నాలుగు పవర్‌లూమ్‌లు నడుపుతాడు మా నాయన ఏకాంబరం, నలభై ఏళ్ళుగా నూలు తప్ప వేరే లోకం లేని మనిషి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నీలం గుడ్డని పట్టుకుని నలిపాడు. నలిపి, వేళ్ళని చూసుకున్నాడు, మధ్యలో ఏమీ లేదేమోనన్నట్టు. ఎన్నో నెంబరు నూలు ఇది, అన్నాడు. నూలు కాదు నాయనా, నైలాను, పది డెనియర్, తొమ్మిది వేల మీటర్ల దారం తీస్తే పది గ్రాములు తూగుతుంది, ఈడనుంచి పరిస్తే పుత్తూరు దోవలో సగం దాటిపోతుంది, అని చెప్పాను. ఉత్సాహం ఆగక ఇంకో మాట కూడా అన్నాను. మన మగ్గం మీద ఇట్టాంటిది నెయ్యలేరు నాయనా. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఔనా,” అన్నాడు. అంతే. తర్వాత అమ్మ సంచిని మడవమంటే, “ఆ గుడ్డ నేను ముట్టను, నా చేతులు మొద్దు,” అని మగ్గాల చప్పుడులోకి వెళ్ళిపోయాడు.

చల్లదనం పెరుగుతోంది. కాదు, ఆలోచన అంతా అక్కడికే పోతోంది కాబట్టి పెరిగినట్టుంది. ఎవరు చేసి ఉంటారు? అమ్మా? అమ్మ చేసేదేదైనా నలుగురికీ కనపడేట్టు చేస్తుంది, పసుపు బొట్టు లాగా. తెలియకుండా చెయ్యడం ఆమెకి రాదు, చిన్నప్పుడు నా గల్లాపెట్టెలోంచి రెండు రూపాయలు తీసుకున్నా ఆ సంగతి నాకే ఫిర్యాదు చేసేది. కోమలా? పోయిన శనివారం కోమలి దీన్ని తిరుపతికి తీసుకుపోయింది, మా ఇద్దరికీ శేషాచలం అడవుల్లో ఆదివారాలు నడిచి నడిచి స్నేహం, తనూ ఈ నడకకి వస్తోంది. ఒక్క రాత్రి ఏసీ పెట్టుకుని పడుకుని చూస్తానంది. వాళ్ళింట్లో పిల్లి ఉంది. పిల్లి గీరితే? కానీ కోమలి ఒక జిప్ ముడి పడినందుకే రాత్రి రెండుసార్లు ఫోన్ చేసి క్షమించమన్న మనిషి. పిల్లి గీరి ఉంటే పిల్లి చేత కూడా ఫోన్ చేయించి ఉండేది. మరి అమ్మినవాళ్ళా? కాదు, ట్యూబ్‌లైటు ముందు నేనే చూశాను.

మళ్ళీ మూడు దెబ్బలు.

“పలుకు తల్లీ.”

“పలికినా అన్నా.”

“మీ అమ్మ నా ఫోనుకి చేసింది. నీది పలకడం లేదంట. మీ నాయన మధ్యాన్నం అన్నం కూడా తినకుండా బస్సెక్కినాడంట, ఈడికే వస్తా ఉండాడంట.”

“ఎందుకంట?”

“నన్నడిగితే? సంచిలో పండుకునిందా, ఇంకా లేదా అని అడిగింది మీ అమ్మ. పండుకుని పావుగంటైందమ్మా అన్నా. అయ్యో అనింది. పెట్టేసింది.”

అయ్యో అంది. అమ్మ అయ్యో అంది. తలదీపం వెలిగించాను. యాభై గ్రాముల దీపం, దీని కోసం కూడా రెండు నెలలు వెతికాను. తల టోపీ వెనక్కి నెట్టి, జిప్ సగం దించి, లేచి కూర్చుని, లోపలి గుడ్డని ఎడమ మోకాలి దగ్గర వెలుగులోకి లాక్కున్నాను. చలి మెడ మీద పడింది, పడనీ. ఆరో గదిని రెండు వేళ్ళతో నొక్కి వదిలాను. ఐదో గది నొక్కితే వెంటనే పొంగింది. ఏడోది పొంగింది. ఆరోది నొక్కితే నొక్కిన చోటే ఉండిపోయింది. వేళ్ళ కింద మెత్తగా, ఉండలు కట్టి, జారిపోతూ ఉంది. ఆ మెత్తదనం నా చెంపకి తెలుసు. పదేళ్ళు వచ్చేదాకా అవ్వ పక్కన, అవ్వ దిండు మీద పడుకున్నాను. బూరుగు దూది. ఏళ్ళ తరబడి తలల కింద నలిగి నలిగి ఊపిరి పోయిన బూరుగు దూది. నా సంచిలోంచి బాతు నూగు తీసేసి, ఎవరో అవ్వ దిండు దూది నింపారు. ఇరవై ఒక్క గ్రాములు తేమ కాదు.

ఇంట్లోవాళ్ళే. గడపదాటి వెతకక్కర్లేదు. దీపం ఇంకా దగ్గరికి తెచ్చి కుట్టు వెంట వేలు నడిపించాను. మిగతా కుట్టంతా మిషను కుట్టు, ఆరో గది పక్కన నాలుగంగుళాలు మాత్రం చేతికుట్టు. కానీ ఎంత సన్నని కుట్టు, మిషను వేసిన రంధ్రాల్లోంచే సూది పోయింది, ఒక్క కొత్త రంధ్రం లేదు. చివర ముడి ఉంటుందని వెతికాను. ముడి లేదు. పాత దారం కొసా, కొత్త దారం కొసా కలిసిన చోట పురి తిప్పి ఉంది. రెండు కొసల్నీ వేళ్ళ మధ్య పెట్టి, రవ్వంత తడి చేసి, ఒక్క తిప్పు. మగ్గం మీద పడుగులో తెగిన పోగుని అట్లా కలుపుతారు, ముడి వేస్తే పోగులు దూరే అచ్చుపళ్ళలో తట్టుకుంటుందని. మా వీధిలో ఆ పురి పెట్టేవాళ్ళు ఇరవై మంది ఉంటారు. అతికిన చోటు దీపం పెట్టి వెతికినా కనపడకుండా పెట్టేవాడు ఒక్కడే. నా చేతులు మొద్దు అన్నవాడు.

నాయన.

జిప్ పైకి లాక్కుని మళ్ళీ పడుకున్నాను, దీపం ఆర్పేశాను. ఇద్దరు నాయనలు కళ్ళ ముందుకి వచ్చారు. ఒకరు కోమలి పెళ్ళిలో భోజనాల దగ్గర కూర్చున్న నాయన. పక్క వరసలో కూర్చున్న పెద్దావిడ పట్టుచీర కొంగు బల్ల మీదికి జారితే, అన్నం మానేసి, ఆ కొంగు అంచు పట్టుకుని వేళ్ళతో నలుపుతూ పోగులు లెక్కపెడుతున్నాడు. ఆవిడ తిరిగి చూసి గొడవ పెట్టింది. “నీ కొంగు కాదమ్మా, నీ చీర నేసినోడిది సూస్తా ఉండా,” అని ఎంత అమాయకంగా చెప్పాడో. కొత్త గుడ్డ కనపడితే ఆయనకి దాని మర్మం విప్పి చూడాలి, ఇంట్లో వాళ్ళ తువ్వాళ్ళకీ కర్టెన్లకీ ఒక్కొక్క మూల ఒక్కొక్క పోగు లాగి ఉంటుంది. ఆ నాయన అయితే నాకు నవ్వొస్తుంది. ఇంకొకరు పోయిన ఏడు రేణిగుంట స్టేషన్లో నన్ను దించుకోవడానికి వచ్చిన నాయన. కనుమ ఎక్కలేదు నాయనా, తిరిగొచ్చేసినా, అని చెప్పి నేను ఏడ్చాను. ఆయన నా మూట భుజానికెత్తుకున్నాడు. “పోనీలే పాపా,” అన్నాడు. అనేటప్పుడు ఆయన ముఖంలో ఏముందో చూశాను. చూసి ఇన్నాళ్ళూ చూడనట్టు ఉన్నాను. సంతోషం. నేను ఓడిపోయి వచ్చినందుకు కాదు, వచ్చినందుకు. ఈసారి సంచి విప్పింది ఆ ఇద్దరిలో ఏ నాయన? మర్మం చూడటానికి విప్పాడా, నన్ను ఆపడానికి విప్పాడా? చెప్పుకోవచ్చు కదా, వద్దు పోవద్దు అని నోరు తెరిచి చెప్పొచ్చు కదా. నా వయసు ఇరవై ఎనిమిది. మోకాలి దగ్గర దూది కుక్కి ఆపాలా నన్ను?

మూడోసారి దెబ్బలు పడ్డాయి, పలికాను. నాలుగోసారి పడ్డాయి, గట్టిగా పలికాను, ఎందుకంటే ఈలోపల ఇంకొకటి జరిగింది, దాన్ని గమనించిన కొద్దీ కోపం ఎక్కడికో పోతోంది. నలభై నిమిషాలు దాటింది. మైనస్ ఐదు. ఊపిరి తగిలిన చోట టోపీ అంచు మీద మంచుపొడి కట్టింది, వేలితో రాస్తే ఇసుకలాగా రాలింది. లోపల నేను వెచ్చగా ఉన్నాను. ఉత్త వెచ్చగా కాదు, జిప్ రెండు వేళ్ళంత దించుకునేటంత వెచ్చగా. పదిహేడు గదుల నూగు నన్ను పట్టుకుని ఉంది. ఎడమ కాలు ఇటు మడిస్తే ఆరో గది నన్ను తాకడం కూడా లేదు. నా లెక్క తప్పు కాలేదు. పదకొండు నెలలు రైల్లో చదివినదంతా నిజమే. కనుమ కింది గుడారంలో ఇంతకంటే చలి ఉండదు. ఈ కొబ్బరికాయంత మూట చాలు. నారింజది గొప్పదే, కానీ నాకు అక్కర్లేదు. ఆ రెండు వందల ఎనభై గ్రాములూ మొయ్యక్కర్లేదు. నవ్వొచ్చింది, ఆపుకోలేదు, చీకట్లో, డబ్బాలు పేర్చే చెక్క మీద పడుకుని గట్టిగా నవ్వాను. ఒక్క గది పోయింది, అంతే కదా. గది పోతే గది నింపుకోవచ్చు. నింపలేకపోతే కాలు ముడుచుకుని పడుకుంటాను. ఎవరు విప్పినా, ఎందుకు విప్పినా నేను పోతున్నాను. ఈ మాట లోపల గట్టిపడగానే మనసు తేలికైంది. ఆ వెనకే కునుకు పట్టింది. నిజంగా పట్టింది. గాఢంగా, కలలో మగ్గాల చప్పుడు, మంచు మీద పడుగు పరిచి ఎవరో గంజి పూస్తున్నారు.

దెబ్బలు. దెబ్బలు. తలుపు గడియ కదిలిన చప్పుడు.

“పలకలేదేమ్మా?” చెంగయ్యన్న అరిచాడు.

“నిద్రపోయినా అన్నా,” అన్నాను. “నిద్ర పట్టేసింది.”

“నిద్రా? ఈడా? నీ నిద్ర పాడుగాను, నా గుండె నిల్చిపోయినాది గదమ్మా.”

“అన్నా, బల్ల మీదుండే నారింజ సంచి డబ్బాలో పెట్టేసి అంటించెయ్. కొరియర్ వస్తే ఇచ్చి పంపించు. నేను నీలందే తీసుకుపోతా ఉండా.”

“సరే. మీ నాయన వచ్చినాడు. లోపలికి వస్తానంటాడు.”

తలుపు సందులోంచి తెల్లటి ఎండ చాపలాగా పరుచుకుంది. ఆ వెలుగులో నాయన. స్టోరు వాళ్ళిచ్చే చలికోటు ఆయనకి మోకాళ్ళ దాకా వచ్చింది, కింద పంచె, కాళ్ళకి రబ్బరు చెప్పులు. చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా. ఐదారు అడుగులు వేసి ఆగాడు, నోట్లోంచి వస్తున్న పొగని చూసి భయపడి నోరు మూసుకున్నాడు, ముక్కులోంచి కూడా వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూశాడు. నేను లేవలేదు. మెడ దాకా జిప్ వేసుకుని, ముఖం మాత్రం బయట పెట్టి చూస్తున్నాను. వచ్చి నా పక్కన చెక్క మీద కూర్చున్నాడు. నా ఎడమ మోకాలు ఎక్కడుందో ఆయనకి సరిగ్గా తెలుసు, అరచెయ్యి దాని మీద పెట్టాడు.

“సలేస్తా ఉండాదా ఈడ?” అన్నాడు.

“ఏస్తా ఉండాది.”

డబ్బా మూత మీద చెయ్యి వేశాడు. పైన బ్లోయర్ తిరుగుతోంది. “ఈడ తెరవద్దు నాయనా, ఏముందో గానీ,” అన్నాను. తలెత్తి బ్లోయర్ రెక్కల్ని చూశాడు, డబ్బాని రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు.

“ఈడ కూడా ఫ్యానేనా,” అన్నాడు. “ఆ ఫ్యానే గదా నా కొంప ముంచింది. నేనే విప్పినా పాపా. పోయిన వారం మంగళవారం కరెంటు పోయినాది, మగ్గాలు నిల్చిపోయినాయి, మీ అమ్మ రేషనంగిడికి పోయినాది. మన మగ్గం మీద నెయ్యలేరంటివే, ఆ మాట గొంతులో అడ్డం పడి ఉండాది నాకు. ఈక బయటికి రాకుండా ఎట్ట దట్టించినాడో సూసి కుట్టేద్దామని నాలుగంగుళాలు విప్పి, భూతద్దం పెట్టుకుని పోగులు లెక్కేస్తా ఉండా. రెండొందలు దాటినాయి, ఇంకా అంగుళం కాలే. ఎంత బాగా నేసినాడు పాపా, వాడెవుడో. ఈ లోకంలో లేను నేను. అప్పుడొచ్చినాది కరెంటు. నెత్తిన ఫ్యాను తిరిగినాది, ఈకలు లేచినాయి. దూదిలో పుట్టి దూదిలో పెరిగినోణ్ణి, అట్టాంటిది నేను సూళ్ళా. పట్టుకుందామంటే చేతిగాలికే పోతాయి. మీ అమ్మ వచ్చి, ఇంట్లో కోడిని కోసినావా అనింది. గంజి పెట్టిన పడుగు మీద రెండు అతుక్కున్నాయి, ఏరే లోపలే నేసేసినాది మగ్గం, ఏ ఊరి ఆడమనిషో కొంగులో కట్టుకుని తిరగతా ఉంటాది వాటిని. ఏరినన్ని ఏరినా, నువ్వు పొయ్యే లోపల తిరిగి నింపేదానికి ఈ డబ్బాలో తెచ్చినా, పన్నెండు గ్రాములు, నగల అంగట్లో తూకం ఏయించినా. మీ అవ్వ దిండు విప్పి దూది పెట్టి కుట్టేసినా. సాయంత్రం నువ్వు రాంగానే చెప్పేద్దామనే ఉంటి. మీ అమ్మ కూడా చెప్పెయ్ చెప్పెయ్ అంటానే ఉండాది. నువ్వొచ్చి ఆ మూట భుజానేసుకుని, టోపీ పెట్టుకుని, ఇంట్లో అటూ ఇటూ నడస్తా ఉంటివి. నవ్వుతా ఉంటివి. నోటిదాకా వచ్చింది లోపలికి పోయినాది. మోకాలికి సలేస్తే పోయిన తూరి మాదిరి తిరిగొచ్చేస్తాదిలే బిడ్డ అని ఒక్క మాట అనుకున్నా. అనుకున్నా పాపా, అబద్ధం ఎందుకు సెప్పేది. ఈకలు పోయింది పొరపాటు. ఆ మాట అనుకుని తొమ్మిది దినాలు నోరు మూసుకున్నా సూడు, అది పొరపాటు కాదు. అది తెలిసే చేసినా.”